కుర్చీలో గడిచే గంటలు: కొలిచేదెలా, కొలిచేదెవరు?

ఎక్కువసేపు కూర్చోవడం వల్ల వచ్చే ముప్పును వ్యాయామంతో పోగొట్టుకోవచ్చా అన్న ప్రశ్నకు నాలుగేళ్ల తేడాతో రెండు జవాబులు వచ్చాయి. 2016లో ‘లాన్సెట్’ ప్రచురించిన విశ్లేషణ పది లక్షల మందికి పైగా వివరాలను కలిపి చూసింది. రోజుకు ఎనిమిది గంటలు దాటి కూర్చునేవాళ్లయినా సరే, 60 నుంచి 75 నిమిషాల పాటు ఒంటికి తగిన పని చెబితే, అకాల మరణం ముప్పు అదనంగా ఉండదని తేల్చింది. 2020లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్’లో 44,370 మంది వివరాలతో వచ్చిన మరో విశ్లేషణ 30 నుంచి 40 నిమిషాలు చాలునంది. రెండింటికీ నాయకత్వం వహించింది ఓస్లోలో పనిచేసే ఉల్ఫ్ ఎకెలుండే. మొదటిది జనాన్ని అడిగి రాసుకున్న లెక్కల మీద నడిచింది. రెండోదానికి ఆధారం ఒంటికి తగిలించిన పరికరాల లెక్క. తమ వ్యాయామాన్ని ఎక్కువగా, కూర్చున్న వేళను తక్కువగా చెప్పుకోవడం మనుషులకు మామూలే. ఆ తేడా సగానికి సగం జవాబునే మార్చేసింది.

కూర్చోవడం గురించిన చర్చ ఇంతగా చిక్కుపడడానికి కారణం వైద్యశాస్త్రంలో కన్నా కొలతల్లోనే ఎక్కువ ఉందన్నది ఈ వ్యాసం వాదన. శరీరం ఏ భంగిమలో ఉంది, శరీరం ఎంతసేపు కదలకుండా ఉంది, కుర్చీలో మనిషి ఉన్నాడా లేడా – ఇవి మూడు వేరువేరు సంగతులు. ఒక్కో పరికరం వీటిలో ఒక్కోదాన్ని పట్టుకుంటుంది. నివేదికలో మాత్రం మూడూ కూర్చున్న సమయంగానే నమోదవుతాయి. పరిశోధకులు ఈ తేడాను పట్టించుకోకపోతే తప్పుడు జవాబులు వస్తాయి. యాజమాన్యాలు పట్టించుకోకపోతే ఉద్యోగికి అన్యాయం జరుగుతుంది. ఈ రెండు నష్టాలనూ కలిపి చూస్తేగానీ ఈ సాంకేతికతకు ఆఫీసుల్లో ఎంత చోటివ్వాలో తెలియదు.

బస్సు డ్రైవర్ల నుంచి ప్రశ్నావళి దాకా

కదలకుండా చేసే వృత్తులు ఒంటికి మంచివి కావన్న మాట పాతదే. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తి వ్యాధుల మీద రాసిన గ్రంథంలో దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ల వంటి కూర్చుని పనిచేసేవారి అవస్థలను ప్రస్తావించాడు. ఆధునిక పరిశోధన మాత్రం 1953లో మొదలైందని చెప్పుకోవాలి. ఆ ఏడాది జెర్రీ మోరిస్ బృందం లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లను, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లతో పోల్చింది. డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. తపాలా శాఖలో ఉత్తరాలు పంచేవారికీ, కార్యాలయంలో కూర్చునే గుమాస్తాలకూ మధ్య కూడా ఇలాంటి తేడాయే తేలింది. ఈ అధ్యయనంలో ఎవరి కూర్చున్న సమయాన్నీ ఎవరూ కొలవలేదు. ఉద్యోగం పేరే కొలత.

ఆ కొలతలోని లోపాన్ని బయటపెట్టింది కూడా మోరిస్ బృందమే. 1956లో వాళ్లు బస్సు సిబ్బందికి ఇచ్చిన యూనిఫాం కొలతలను తిరగేశారు. చిన్న వయసులో కూడా డ్రైవర్ల నడుము చుట్టుకొలత కండక్టర్ల కన్నా ఎక్కువగా ఉంది. అంటే స్టీరింగ్ ముందు కూర్చోవడం వల్లనే ఒళ్లు వచ్చిందా, లేక ఒళ్లున్నవాళ్లే ఆ పనికి చేరారా? డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఆఫీసు ఉద్యోగుల మీద వచ్చే ప్రతి అధ్యయనాన్నీ ఈ ప్రశ్న అడగాల్సిందే. తమ ఫలితాన్ని తామే ఇలా నిలదీసుకున్న ఆ బృందం నిజాయితీ ఈ రంగానికి దక్కిన మంచి వారసత్వం.

తర్వాత వచ్చింది ప్రశ్నావళుల కాలం. పన్నెండు దేశాల్లో పరీక్షించి 2003లో వెలువరించిన అంతర్జాతీయ శారీరక శ్రమ ప్రశ్నావళి సంక్షిప్త రూపంలో కూర్చోవడం గురించి ఉన్నదల్లా పని రోజున మొత్తం ఎంతసేపు కూర్చుంటారన్న ఆరా. ఆఫీసు పని కోసమే తయారైన ప్రశ్నావళులు ఆ తర్వాత ఆస్ట్రేలియాలో వచ్చాయి. పనివేళలో ఎంత శాతం కూర్చున్నారు, ఎంత శాతం నిలబడ్డారు, ఎంత నడిచారు అని అవి విడివిడిగా అడుగుతాయి. ఇవి చవక, వేలమందికి ఒకేసారి పంపవచ్చు. చిక్కల్లా జ్ఞాపకంతోనే. నడవడాన్ని గుర్తుంచుకున్నట్టు కూర్చోవడాన్ని ఎవరూ గుర్తుంచుకోరు. దానికి మొదలూ తుదీ తెలియవు. ఒకే ఒక్క ప్రశ్నతో అడిగితే జనం తమ కూర్చున్న సమయాన్ని పరికరాలు చూపిన దానికన్నా రోజుకు సగటున గంటన్నర పైన తగ్గించి చెబుతున్నారని 2020లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష చెప్పింది. విడివిడిగా అడిగినప్పుడు తేడా తగ్గింది.

అలాగని ప్రశ్నావళిని పారేయమనడం తొందరపాటే. మనిషి ఎక్కడ కూర్చున్నాడో, టీవీ ముందా, బస్సులోనా, మీటింగులోనా అన్నది ఏ సెన్సరూ తనంత తాను చెప్పలేదు. సందర్భం తెలియని గంటల లెక్క ఎందుకూ కొరగాదని తర్వాతి చర్చలో తేలుతుంది.

నడుము నుంచి తొడ దాకా

పరికరాల్లో తొలి తరానిది నడుముకు కట్టుకునే యాక్సిలరోమీటర్. అది కదలికను లెక్కల రూపంలో నమోదు చేస్తుంది. నిమిషానికి వంద లెక్కల కన్నా తక్కువ వస్తే ఆ నిమిషాన్ని కదలిక లేని నిమిషంగా తీసుకోవాలన్న పద్ధతి స్థిరపడింది. అమెరికా జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వేలో 2003–04లో సేకరించిన సమాచారాన్ని ఈ పద్ధతిలో విశ్లేషించిన చార్ల్స్ మాథ్యూస్ బృందం, అమెరికన్లు మేలుకుని ఉన్న వేళలో దాదాపు 55 శాతాన్ని, అంటే రోజుకు 7.7 గంటలను, కదలిక లేకుండా గడుపుతున్నారని 2008లో ప్రకటించింది. కూర్చోవడం మీద పత్రికల్లో వచ్చిన హెచ్చరికలకు ఈ అంకె చాలాకాలం పునాదిగా పనికొచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన మెలిక ఒకటుంది. నిలబడి ఉన్నా, కూర్చుని ఉన్నా నడుము నిటారుగానే ఉంటుంది. ఎత్తు పెంచుకోగల బల్ల ముందు నిలబడి గంటసేపు టైపు చేసిన ఉద్యోగిని ఈ పరికరం కూర్చున్నట్టే లెక్కగడుతుంది. అది కొలిచేది నిశ్చలతను, భంగిమను కాదు. 2017లో కుదిరిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ నిర్వచనం ప్రకారం కూర్చోవడం, ఒరగడం, పడుకోవడం అనే భంగిమల్లో మేలుకుని ఉంటూ, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తికి ఒకటిన్నర రెట్లు దాటకుండా గడిపే సమయమే ఈ లెక్కలోకి రావాలి. భంగిమ, శక్తి ఖర్చు రెండూ కలిస్తేనే నిర్వచనం. నడుము పరికరం రెండో సగాన్ని అంచనా వేసి మొదటి సగాన్ని వదిలేస్తుంది.

ఈ లోటు తీర్చింది తొడకు అంటించే సెన్సర్. గ్లాస్గోలో రూపొందిన యాక్టివ్‌పాల్ వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నది. దాని కచ్చితత్వాన్ని నిర్ధారించే పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. పనిచేసే తీరు చాలా సరళం. యాక్సిలరోమీటర్‌కు కదలికతో పాటు భూమ్యాకర్షణ దిశ కూడా తెలుస్తుంది. కుర్చీలో కూర్చుంటే తొడ అడ్డంగా ఉంటుంది, లేస్తే నిలువుగా మారుతుంది. ఆ కోణం మారిన క్షణమే లేచిన క్షణం. అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉండే ఆ బిళ్లను నీళ్లు చొరని పొరలో చుట్టి, తొడ ముందు భాగాన మధ్యలో, గాయాలకు వేసే పారదర్శకమైన పట్టీతో అంటిస్తారు. వారం రోజులు స్నానంలో కూడా తీయనక్కర్లేదు. వారం తర్వాత కంప్యూటర్లోకి దింపుకుంటే రోజంతా రంగుల చారలుగా కనిపిస్తుంది. కూర్చున్నది ఒక రంగు, నిలబడింది ఇంకో రంగు, నడిచింది మరొకటి. పొద్దున్నే చిన్నచిన్న ముక్కలుగా ఉన్న చారలు ఆఫీసుకు చేరాక పొడుగ్గా సాగిపోతాయి, భోజనం వేళకు కాస్త విరుగుతాయి, మధ్యాహ్నం మళ్లీ సాగుతాయి. మొత్తం గంటలతో పాటు ఎన్నిసార్లు లేచారు, ఏకబిగిన ఎంతసేపు కూర్చున్నారు అన్నది ఇంత స్పష్టంగా చూపే సాధనం అంతకు ముందు లేదు.

దీనికీ పరిమితులున్నాయి. ఎత్తయిన స్టూలు అంచున సగం ఆనుకుని ఉన్నప్పుడు తొడ ఏటవాలుగా ఉండి లెక్క తప్పవచ్చు. కూర్చున్నాడో పడుకున్నాడో తేల్చడం పాత నమూనాలకు కష్టం. ఎప్పుడు నిద్రపోయారో, ఆఫీసులోకి ఎప్పుడు అడుగుపెట్టారో తెలియాలంటే పక్కన ఒక డైరీ రాసుకోక తప్పదు. చెమట పట్టే ఊళ్లలో పట్టీ కింద దురద పుడుతుంది, కొందరు మధ్యలోనే తీసేస్తారు. తీసేసినవాళ్లు ఎవరన్నది కూడా ఫలితాన్ని ప్రభావితం చేస్తుంది. తాము గమనింపులో ఉన్నామని తెలిసిన ఉద్యోగులు మొదటి ఒకటి రెండు రోజులు మామూలు కన్నా ఎక్కువసార్లు లేచే అవకాశమూ ఉంది. ఇన్ని ఉన్నా, ఆఫీసులో కూర్చున్న సమయం ఎంత అన్న ప్రశ్న ఒక్కదానికి ఇప్పటికున్న మంచి జవాబు తొడ సెన్సరే.

మణికట్టు, కుర్చీ, కీబోర్డు

పరిశోధనశాలల బయట జనం దగ్గరున్నవి వేరే సాధనాలు. 2015లో యాపిల్ వాచ్ వచ్చినప్పటి నుంచి గంటగంటకూ లేవమని గుర్తుచేసే గడియారాలు మామూలయ్యాయి. ఆ గడియారంలో రోజుకు పన్నెండు వేర్వేరు గంటల్లో ఒక్కో నిమిషమైనా లేచి కదిలితే లక్ష్యం పూర్తయినట్టు. ఇది మంచి అలవాటుకు ఊతమే. అయితే దీన్ని కూర్చున్న సమయానికి కొలతగా తీసుకోకూడదు. గంటలో 58 నిమిషాలు కూర్చున్నవారికీ, పది నిమిషాలే కూర్చున్నవారికీ ఆ గంట ఒకేలా నమోదవుతుంది. పైగా మణికట్టు కదలిక భంగిమకు నమ్మదగిన సాక్ష్యం కాదు. కూర్చునే చేతులూపుతూ మాట్లాడేవారు ఉంటారు, చేతులు కట్టుకుని నిలబడేవారూ ఉంటారు. 2013–15 మధ్య దాదాపు లక్షమందికి మణికట్టు పరికరాలు తొడిగిన యూకే బయోబ్యాంక్ అనే ఆరోగ్య అధ్యయనం సమాచారం నుంచి కంప్యూటర్ నమూనాల సాయంతో భంగిమను ఊహించే ప్రయత్నాలు మెరుగుపడుతున్నాయి. అవి ఊహలేనన్నది మరువకూడదు.

కుర్చీ సంగతి వేరు. సీటు కింద ఒత్తిడిని గుర్తించే మెత్తను ఆస్ట్రేలియా పరిశోధకులు 2012లో పరీక్షించి, ఆ కుర్చీలో కూర్చున్న సమయాన్ని అది బాగానే కొలుస్తుందని చూపారు. సమస్య ‘ఆ కుర్చీలో’ అన్నదానితోనే. ఉద్యోగి లేచి మీటింగు గదికి వెళ్లి గంటసేపు కూర్చుంటే మెత్త లెక్కలో అది విరామం. బల్ల కింద అమర్చే ఉష్ణ, కదలిక సెన్సర్లు ఇంకో మెట్టు దూరం. అవి చెప్పేది బల్ల దగ్గర ఎవరో ఉన్నారనే. కీబోర్డు, మౌస్ వాడకాన్ని నమోదు చేసే సాఫ్ట్‌వేర్ మరీ దూరం. వీడియో కాల్‌లో గంటసేపు వింటూ కూర్చున్నవారు దాని దృష్టిలో విరామంలో ఉన్నారు, నిలబడి టైపు చేస్తున్నవారు పనిలో ఉన్నారు. ఈ వరసలో శరీరం నుంచి దూరమయ్యే కొద్దీ సాధనం చవకవుతుంది, అమర్చడం సులువవుతుంది, ఉద్యోగి అనుమతి అక్కర్లేకుండానే పనిచేస్తుంది. ఆరోగ్యం గురించి చెప్పగలిగేది తగ్గుతూ, హాజరు గురించి చెప్పగలిగేది పెరుగుతూ పోతుంది. ఏ సాధనం కొనాలో నిర్ణయించేవారు మొదట చూడాల్సింది ఇదే.

మూడు వాదాలు, వాటి వెనక కొలతలు

కూర్చోవడం హానికరమా అన్న ప్రశ్న మీద మూడు ప్రధాన వాదాలున్నాయి. మొదటి వాదం ప్రకారం ఎడతెగకుండా కూర్చోవడం స్వతహాగానే హానికరం, వ్యాయామం చేసేవారికి కూడా. అమెరికాలో మార్క్ హామిల్టన్, ఆస్ట్రేలియాలో నెవిల్ ఓవెన్, జెనీవీవ్ హీలీ, డేవిడ్ డన్‌స్టన్ దీన్ని ముందుకు తెచ్చారు. 2012లో డన్‌స్టన్ బృందం 19 మంది అధిక బరువున్నవారితో చేసిన ప్రయోగంలో, ప్రతి 20 నిమిషాలకు రెండు నిమిషాలు నడిస్తే భోజనానంతరం రక్తంలో చక్కెర, ఇన్సులిన్ పెరుగుదల తగ్గింది. 2023లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ ప్రయోగం ప్రతి అరగంటకు ఐదు నిమిషాల నడక మేలన్నది. అందులో పాల్గొన్నవారు 11 మంది. ఒక్క రోజులో ప్రయోగశాలలో కనిపించిన మార్పు ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎలా ఉంటుందో ఇవి చెప్పలేవు. వైద్యులు సలహా ఇవ్వడానికి చాలు, ఆఫీసులో నిబంధన పెట్టడానికి చాలవు.

రెండో వాదం, అసలు లోపం కదలిక కొరతే, కుర్చీ దాని గుర్తు మాత్రమే అంటుంది. మొదట చెప్పిన ఎకెలుండ్ విశ్లేషణలు దీనికి బలం. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ అధ్యయనంలో ఐదు వేలమందికి పైగా ఉద్యోగులను 16 ఏళ్లు గమనించాక, కూర్చున్న సమయానికీ మరణాలకూ సంబంధం కనిపించలేదని 2015లో ప్రకటించారు. వాళ్లు రోజూ చాలా నడిచేవాళ్లు కావడమే కారణం కావచ్చని ఆ రచయితలే అన్నారు. కానీ ఇందులో కూర్చున్న సమయం ఉద్యోగులు చెప్పినదే. కొలతలో గందరగోళం ఉన్నచోట నిజమైన సంబంధం కూడా మరుగున పడుతుంది. ‘సంబంధం లేదు’ అన్న ఫలితాన్ని ఈ కారణంగా మరింత జాగ్రత్తగా చదవాలి.

మూడో వాదం ఎక్కడ కూర్చున్నారన్నదే కీలకమంటుంది. 2019లో వెలువడిన అమెరికాలోని జాక్సన్ హృద్రోగ అధ్యయనంలో టీవీ ముందు కూర్చోవడానికి గుండెజబ్బుతో సంబంధం కనిపించింది, పనిలో కూర్చోవడానికి కనిపించలేదు. తైవాన్‌లో 4,81,688 మంది మీద 2024లో వచ్చిన అధ్యయనం దీనికి ఎదురు తిరిగింది. పనిలో ఎక్కువగా కూర్చునేవారిలో మరణాలు 16 శాతం అధికమని, రోజుకు అదనంగా 15 నుంచి 30 నిమిషాల వ్యాయామంతో ఆ తేడా పోతుందని చెప్పింది. రెండు అధ్యయనాల్లోనూ పనిలో కూర్చోవడం అన్నది ప్రశ్నకు చెప్పిన జవాబే. 1953 నాటి డ్రైవరు, కండక్టరు విభజన నుంచి ఎంత దూరం వచ్చామని అడిగితే, పెద్ద అధ్యయనాల విషయంలో, ఆశించినంత రాలేదనే చెప్పాలి.

కూర్చోవద్దంటే నిలబడమని కాదన్న సంగతి కూడా కొలతలే బయటపెట్టాయి. యూకే బయోబ్యాంక్‌లోని 83,013 మంది సమాచారంతో 2024లో వచ్చిన విశ్లేషణలో ఎక్కువ నిలబడడం గుండెకు మేలు చేసినట్టు కనిపించలేదు. రెండు గంటలు దాటాక నిలబడిన ప్రతి అరగంటకూ కాళ్లలో ఉబ్బిన సిరలు, నిలబడితే తల తిరగడం లాంటి రక్తప్రసరణ ఇబ్బందుల ముప్పు 11 శాతం చొప్పున పెరిగింది. కెనడాలోని ఒంటారియోలో ఏడు వేలమందికి పైగా కార్మికులను పన్నెండేళ్లు గమనించిన అధ్యయనంలో నిలబడి చేసే ఉద్యోగాల్లో గుండెజబ్బు, కూర్చుని చేసే ఉద్యోగాలతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంది. మన దక్షిణాదిలో ఇది కొత్త సంగతేమీ కాదు. రోజంతా నిలబడే బట్టల దుకాణాల సేల్స్‌గర్ల్స్ పోరాడితే కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి వారికి కూర్చునే హక్కు కల్పించాయి.

సరైన కొలత ఉంటే ఏం సాధించవచ్చో చూపినవి బ్రిటన్‌లో జరిగిన రెండు ప్రయోగాలు. లెస్టర్ ప్రభుత్వాసుపత్రుల కార్యాలయ సిబ్బంది 146 మందితో నడిచి 2018లో ఫలితాలు వెలువరించిన ప్రయోగంలో, ఎత్తు మార్చుకోగల బల్లలు, సలహాలు, గుర్తుచేసే ఏర్పాట్లు అందుకున్నవారు ఏడాది తర్వాత పనిదినానికి 83 నిమిషాలు తక్కువ కూర్చున్నారు. స్థానిక ప్రభుత్వ ఉద్యోగులు 756 మందితో 2022లో వచ్చిన రెండో ప్రయోగంలో సలహాలు మాత్రమే అందుకున్నవారు రోజుకు 22 నిమిషాలు, బల్లలు కూడా అందుకున్నవారు 64 నిమిషాలు తగ్గించారు. రెండింటిలోనూ కొలిచింది తొడ సెన్సరే. నడుము పరికరంతో కొలిచి ఉంటే ఇందులో చాలా భాగం కనబడేదే కాదు. ఆరోగ్య సూచికల్లో వచ్చిన మార్పు స్వల్పమేనన్నదీ నిజం. కూర్చోవడం తగ్గింది, జబ్బు తగ్గిందని ఇంకా రుజువు కాలేదు.

సెన్సర్ యజమాని చేతికి వెళ్తే

2016 జనవరిలో లండన్‌లోని ‘డైలీ టెలిగ్రాఫ్’ పత్రికలో విలేకరులు ఆఫీసుకు వచ్చి చూసేసరికి బల్లల కింద చిన్న నల్లటి పెట్టెలు అమర్చి ఉన్నాయి. వాటి మీదున్న పేరును వెతికితే అవి మనిషి బల్ల దగ్గర ఉన్నాడో లేడో ఉష్ణం, కదలికల ద్వారా గుర్తించే సెన్సర్లని తెలిసింది. విద్యుత్తు ఆదా కోసమని యాజమాన్యం చెప్పింది. విలేకరుల సంఘం అభ్యంతరం తెలపడంతో వెంటనే తీసేశారు. చైనాలోని హాంగ్జౌలో ఒక టెక్ సంస్థ సొంత ఉద్యోగులకు ఇచ్చిన స్మార్ట్ మెత్తల వ్యవహారం కూడా 2021 ప్రాంతంలో వార్తలకెక్కింది. ఆరోగ్యం కోసమన్న ఆ మెత్తల సమాచారం ఆధారంగా, ఫలానా వేళ సీటులో ఎందుకు లేవని ఒక ఉద్యోగినిని హెచ్ఆర్ అధికారి అడగడం వివాదానికి కారణమైంది. ఎక్కువసేపు కూర్చోకుండా కాపాడాల్సిన మెత్త, లేచినందుకు సంజాయిషీ అడిగే మెత్తగా మారిపోయింది.

దీనికి యాజమాన్యాల తరఫున మూడు సమాధానాలు వినిపిస్తాయి. ఏసీలు, అద్దెలు, స్థలం ఆదా కావాలంటే ఏ బల్లలు ఖాళీగా ఉంటున్నాయో తెలియాలన్నది మొదటిది. అది సబబైన అవసరమే. గదిలో ఎంతమంది ఉన్నారన్న మొత్తం లెక్కతో ఆ అవసరం తీరుతుంది, ఎవరి బల్ల అన్నది అక్కర్లేదు. ఉద్యోగి ఆరోగ్యం తమ బాధ్యత అన్నది రెండోది. బాధ్యత నిజమే. కానీ ఎవరినైనా విడిగా నిరంతరం గమనించాలంటే ఎన్ని గంటలు దాటితే ప్రమాదమో చెప్పే ఒక హద్దు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో కూర్చునే సమయం తగ్గించమంది తప్ప ఇన్ని గంటలని అంకె ఇవ్వలేదు, ఆధారం చాలలేదు కాబట్టి. హద్దే తెలియని చోట మనిషి మనిషినీ కొలవడంలో వైద్య ప్రయోజనం లేదు. ఉద్యోగి ఇష్టపడే ఇస్తున్నాడన్నది మూడోది. జీతం, అప్రైజల్, ప్రాజెక్టు అన్నీ ఎవరి చేతిలో ఉన్నాయో వారు అడిగినప్పుడు ఇచ్చే ఒప్పుకోలుకు అంత బరువు ఉండదు. యూరప్ సమాచార రక్షణ నియంత్రణ సంస్థలు ఉద్యోగుల అంగీకారాన్ని అనుమానంతో చూసేది అందుకే.

మన దేశంలో పరిస్థితి ఇంకా బలహీనం. జస్టిస్ పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం ఉద్యోగ ప్రయోజనాల కోసం కొన్ని సందర్భాల్లో అంగీకారం లేకుండానే సమాచారాన్ని వాడుకునే వీలు ఏడో సెక్షన్‌లో కల్పించింది. ఆరోగ్య సమాచారాన్ని యూరప్ చట్టంలో లాగా ప్రత్యేక రక్షణ ఉన్న కోవలో చేర్చలేదు. తొడ సెన్సర్ చారలు మనిషి రాత్రి ఎన్నిసార్లు లేచాడో కూడా చెబుతాయి. అవి హాజరు పట్టికతో సమానమైన సమాచారం కావు.

యాజమాన్యం డబ్బు పెట్టకపోతే మంచి బల్లలు ఎవరు కొంటారు, కొలవకుండా ఎందుకు కొంటారు అని అడగవచ్చు. బ్రిటన్ ప్రయోగాలే దీనికి దారి చూపాయి. సిబ్బంది కొద్ది రోజుల పాటు సెన్సర్ ధరించారు, నెలల విరామం తర్వాత మళ్లీ ధరించారు. సమాచారం విశ్వవిద్యాలయ పరిశోధకుల దగ్గర ఉంది. నిర్ణయాలకు కావాల్సింది బృందం సగటు మాత్రమే. ఈ పద్ధతిలో కచ్చితత్వమూ దక్కింది, ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరమూ రాలేదు. నిరంతర నిఘా పెడితే దీనికి మించి ఆరోగ్యపరంగా ఏం దక్కుతుందో చూపే రుజువు ఇప్పటివరకు నాకు కనిపించలేదు.

హైదరాబాద్ ఆఫీసులకు ఈ కొలతలు సరిపోతాయా

2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో వచ్చిన అధ్యయనం హైదరాబాద్‌లోని 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని, 71 శాతం మంది ఊబకాయం పరిధిలో ఉన్నారని చూపింది. వార్తల్లో ఇది కుర్చీ జబ్బుగా ప్రచారమైంది. ఇది ఒకసారి తీసిన చిత్రం. నిద్ర, రాత్రి షిఫ్టులు, తిండి, ఒత్తిడి, కూర్చోవడం వీటిలో దేని వాటా ఎంతో అది విడదీయలేదు. 2014లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే తొలిదశ ఫలితాల్లో చూసినవారిలో 54.4 శాతం మంది శారీరక శ్రమ లేనివారని తేలింది. 2024లో వచ్చిన ప్రపంచ స్థాయి అంచనా 2022లో మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి తగిన శ్రమ లేదంది. ఇవన్నీ శ్రమ గురించిన ప్రశ్నల మీద ఆధారపడ్డ లెక్కలు. ఇవి చదివి ఐటీ ఉద్యోగి ఎంతసేపు కూర్చుంటున్నాడో చెప్పలేం.

పాశ్చాత్య దేశాల్లో తయారైన పద్ధతులను యథాతథంగా తెచ్చుకుంటే వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో రోజును మామూలుగా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కోస్తారు. అమెరికా క్లయింట్ల కోసం సాయంత్రం మొదలై తెల్లవారుజామున ముగిసే షిఫ్టు రెండు తేదీల మధ్య చీలిపోయి, ఒక పనిదినం రెండు అరకొర రోజులుగా కనిపిస్తుంది. గచ్చిబౌలి నుంచి ఇంటికి క్యాబ్‌లో గడిచే సమయం తొడ సెన్సర్‌కు కనిపిస్తుంది, బల్ల సెన్సర్‌కు కనిపించదు. ఇంటి నుంచి పనిచేసే రోజున మంచం, సోఫా, నేల అన్నీ ఆఫీసే. నేల మీద బాసిపట్టు వేసుకున్నప్పుడు తొడ దాదాపు అడ్డంగానే ఉంటుంది, సెన్సర్ దాన్ని కుర్చీతో సమానంగా లెక్కిస్తుంది. శరీరానికి అవి రెండూ ఒకటేనా? టాంజానియాలోని హడ్జా వేటగాళ్లకు తొడ సెన్సర్లు తొడిగి 2020లో ప్రచురించిన అధ్యయనంలో వాళ్లు కూడా రోజుకు దాదాపు పది గంటలు కదలకుండా గడుపుతారని తేలింది. అయితే గొంతుకూర్చున్నప్పుడు వాళ్ల కాలి కండరాలు కుర్చీలో కన్నా ఎక్కువ పనిచేస్తున్నాయి. భంగిమ కోణం ఒక్కటే చాలదని, కండరం పనిచేస్తోందా అన్నదీ చూడాలని ఆ ఫలితం గట్టిగా గుర్తుచేస్తుంది.

అదే ఆఫీసు భవనం గేటు దగ్గర గంటల తరబడి నిలబడే సెక్యూరిటీ గార్డు, అంతస్తులన్నీ తుడిచే హౌస్‌కీపింగ్ మహిళ ఆఫీసు ఉద్యోగుల మీద జరిగిన ఈ అధ్యయనాల్లో కనిపించరు. ఒంటారియో ఫలితాల వెలుగులో చూస్తే భంగిమ కొలవాల్సిన మొదటి మనుషులు వాళ్లే కావచ్చు.

ఇంకా తేలనివి

హాని మొత్తం గంటల వల్లనా, ఏకబిగిన సాగిన పొడుగు వల్లనా అన్నది తేలలేదు. విరామం అంటే ఎంతసేపు, ఒక నిమిషం లేచి కూర్చున్నా లెక్కేనా, లేక నడవాలా అన్నదానికీ ఏకాభిప్రాయం లేదు. విరామానికి పెట్టుకున్న కనీస వ్యవధి మారితే అదే మనిషి అదే రోజున ఎన్నిసార్లు లేచాడన్న లెక్క మారిపోతుంది. తొడ సెన్సర్ల సమాచారాన్ని దేశాల మధ్య కలిపే ప్రోపాస్ అనే బృందం 15,246 మంది వివరాలతో 2023లో ప్రచురించిన విశ్లేషణలో, కూర్చునే సమయంలో కొద్ది నిమిషాలను చురుకైన కదలికగా మార్చినా బరువు, కొలెస్ట్రాల్ లాంటి గుండె సూచికలు మెరుగ్గా ఉన్నాయి. ఇదీ ఒకసారి తీసిన చిత్రమే. ఇలా సరిగా కొలిచిన వేలమంది ఉద్యోగులను పది, పదిహేనేళ్లు వెంబడిస్తేగానీ 1956లో యూనిఫాం కొలతలు లేవనెత్తిన ప్రశ్నకు జవాబు రాదు.

అలాంటి అధ్యయనం హైదరాబాద్‌లోనో, విశాఖలోనో మొదలుపెట్టడానికి పరికరాల కొరత లేదు. తొడ సెన్సరు, పక్కన చిన్న డైరీ, షిఫ్టు మొదలైన వేళ నుంచి రోజును లెక్కించే పద్ధతి, వీటితో పాటు సమాచారం ఏ విశ్వవిద్యాలయం లేదా ఏ పరిశోధన సంస్థ దగ్గర ఎన్నాళ్లు ఉంటుంది, యాజమాన్యానికి ఏ స్థాయి సగటు మాత్రమే చేరుతుంది అన్న రాతపూర్వక ఒప్పందం కావాలి. మొదటి బిళ్ల అంటించేనాటికే ఆ ఒప్పందం ఉద్యోగుల చేతిలో ఉండాలి, అధ్యయనంలో గార్డులూ హౌస్‌కీపింగ్ సిబ్బందీ కూడా ఉండాలి.